మళ్ళీ నీరడిని పెట్టుకుందామా? పెడితే ఎవరిని?

కట్టమీదిమర్రి

నీరడి అంటే చెరువు తూము తెరిచి మడులకు నీళ్ళు పంచేటోడు. మాది జనగామ దిక్కు. ఊరి పేరు చెప్తలేను, మావోళ్ళు కూడా ఇక్కడ చదువుతుంటరు. చెరువు కింద 140 ఎకరాల ఆయకట్టు, రెండు తూములు, ఒక మత్తడి (అలుగు). మిషన్ కాకతీయల పూడిక తీసిండ్రు, కట్ట పోసిండ్రు, పాత రాతి తూములకు ఇనుప షట్టర్లు బిగించిండ్రు. రెండేండ్ల సంది మత్తడి దుంకుతున్నది. అయినా యాసంగిల కొస మడులు ఎండుతనే ఉన్నయి. షట్టర్ తిప్పే ఇనుప చెయ్యి (హ్యాండిల్) ఎవరింట్ల ఉంటదో ఎవరూ చెప్పరు. రాత్రి ఒకడు తిప్పుతడు, తెల్లారి ఇంకొకడు దించుతడు. పోయిన యాసంగిల రెండుసార్లు పోలీసుల దాక పోయింది పంచాయితీ.

దసరా నాడు జమ్మి పెట్టుకొని వచ్చినంక బొడ్రాయి కాడ కూసున్నం. మళ్ళ నీరడిని పెడదాం, ఎకరానికి పంటకు 300 రూపాయలు వేసుకుందాం అని ఒకాయన లేపిండు. అందరూ ఊఁ అన్నరు. "ఎవరిని?" అన్నకాడ ఆగింది. పెద్దమనుషులంత ఒక్క ఇంటి దిక్కే చూసిండ్రు, పాత నీరడి ఇంటి దిక్కు. ఆయన మనుమడు జనగామల ఆటో నడుపుతడు. ఆ పిలగాడు నవ్విండు, లేచి పోయిండు.

నా మాట నేను చెప్తా. నీరడి పోయిననాడే మా ఊరి కట్టుబాటు పోయింది. ఒక్క మనిషి మాట మీద 140 ఎకరాలు పారేది. ఎండాకాలం వస్తే ఊరంత బండ్లు కట్టి చెరువుమట్టి తోలుకునేది. చెరువు నిండితే అందరం కట్టమైసమ్మకు పోయేది. ఇప్పుడు ఇంటికో బోరు, ఎవనికి వాడే. నీరడిని పెట్టాలె అంటా నేను. మీరేమంటరు?

పాతదస్త్రం

ఒక చిన్న సవరణతో మొదలుపెడతానండి. నీరడి జీతగాడు కాదు. చిన్నదే అయినా ఆయనది ఒక హక్కు. చెరువు కింద ఇంత ఇనాం నేల, కళ్ళం మీద ఇంత మేర (గింజల వాటా), ఆ రెండూ తండ్రి నుంచి కొడుక్కి. 1955 నాటి హైదరాబాద్ ఇనాముల రద్దు చట్టం తిరగేస్తే ఊరి సేవకు ఇచ్చే శేత్‌సింధీ, నీరడి, బలోతా అని ఈ ఇనాముల పేర్లు విడిగా కనిపిస్తాయి. మద్రాసు రాజ్యం కింద ఉన్న జిల్లాల్లో దశబంధం అనే ఇనాం ఉండేది. చెరువు కట్టించినవాళ్ళకో, దాన్ని బాగుచేస్తూ ఉండేవాళ్ళకో ఇచ్చేది.

కాబట్టి "నీరడి పోయాడు" అంటే ఒక ఉద్యోగం ఖాళీ అయిందని కాదు. నేల, మేర, పటేల్, పట్వారీ, సేతసింధి (ఊరి నౌకరు), అన్నీ కలిసిన ఒక అల్లిక విడిపోయింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవుల్ని రద్దు చేయడంతో పైనున్న ముడి ఊడింది. మా తాతగారు కరణం. ఆ వార్త విన్న రోజు ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను. ఎందుకో వీలుంటే తర్వాత చెబుతాను.

మూడుఫేజులు

అన్నా, అన్నిటికంటె ముందు ఒకటి చెప్పు. మీ మడి తూముకు మొదట్ల ఉన్నదా, కొసకు ఉన్నదా?

మాది సిద్దిపేట దిక్కు. మా నాయిన చెరువు కింద కొస మడి రైతు. ఆ కట్టుబాటు ఎంత సక్కగుండెనో కొసకున్నోన్ని అడగాలె. చెరువు నిండ నిండితె మాకు నీళ్ళు. ముప్పావు నిండితె మొదటోళ్ళకు రెండు పంటలు, మాకు పల్లికాయ. మా నాయిన నీరడికి కల్లు తాపిచ్చిండు, పటేల్ ఇంట్ల పెండ్లికి కట్టెలు కొట్టిండు, అయినా పొట్టకొచ్చిన వరి ఎండిపోయిన ఏండ్లు నాకు యాదికున్నయి.

1999ల బోరు పడ్డది. ఆ ఏడు మొదటిసారి మా నాయిన ఎవ్వరినీ అడగకుంట నారు పోసిండు. 2004ల ఉచిత కరెంటు వచ్చె. 2018 జనవరి 1 సంది 24 గంటలు. రాత్రి పూట మోటరు పెట్టనీకి పోయి పాము కరిచి సచ్చే బాధ తప్పింది. ఏడు బోర్లు ఏస్తె రెండే పడ్డయి, ఆ అప్పు ఎనిమిదేండ్లు కట్టినం, అది కూడా నిజమే. కాని "ఎవనికి వాడే" అని మీరు తిడుతున్నరు చూడు, మా ఇంట్ల దాన్నే బతుకు అంటరు.

ఎర్రనేల

మాది అనంతపురం జిల్లా. మా తావ నీరడి అనరు, నీరుగంటి అంటారు. మా సీమలో ఊర్ల పేర్లే చెరువుల పేర్లు. బుక్కరాయసముద్రం, కొత్తచెరువు, రాయలచెరువు. పేర్లలో ఉన్నన్ని నీళ్ళు చెరువులో ఉంటే మేము ఎప్పుడో బాగుపడుండేవాళ్ళం.

మీరిద్దరూ ఒక సంగతి వదిలేస్తాండారు. మూడుఫేజులు తమ్ముడూ, నీ బోరులో నీళ్ళు యాడనుంచి వస్తాండాయి? చెరువు నిండిన ఏడు బోరు ఎట్ల పోస్తాది, ఎండిన ఏడు ఎట్ల గుటకలు మింగుతాది, నువ్వే చెప్పు. మా ఊర్లో మేము దీన్ని గుర్తుపట్టి తూములే మూసేసినాం. అవునప్పా, మూసేసినాం. సిమెంటు పెట్టి. చెరువు నీళ్ళు కాలవకు వదిలేది లేదు, నిండితే నిండినట్టే ఉండాల, ఊటకు పోవాల, అందరి బావులూ బోర్లూ నిండాల. మా పక్కన ఇంకో రెండు ఊర్లు కూడా అదే చేసినాయి. తూము లేదు కాబట్టి తూము కాడ కొట్లాట లేదు, నీరుగంటి అక్కరే లేదు.

అయితే ఇందులో ఒక మోసం ఉండాది, చెప్పకపోతే తప్పు. బోరు వేసుకునే దుడ్డు ఉన్నోడికి ఊట అందింది. అర ఎకరా మడి ఒక్కటే ఉండి, బోరు లేనోడికి కాలవ నీళ్ళూ పోయినాయి, ఊటా అందలేదు. వాళ్ళు బెంగుళూరు పోయినారు. ఊరంతా కూచోని ఒప్పుకున్న తీర్మానమే అది. ఒప్పుకున్నోళ్ళలో వాళ్ళు ఎంతమంది అని అప్పుడు మేమూ లెక్క పెట్టలేదు.

తూముబిరడ

నేను నీరడి మనుమణ్ణి. మీ ఊరు కాదు, పక్క జిల్లా. ఆ ఆటో పిలగాడు ఎందుకు నవ్విండో నేను చెప్తా.

మా తాత పని ఏందో తెల్వాలె ముందుగాల. పాత తూము అంటె చెరువు లోపల రెండు రాతి కంబాలు, నడుమ రాతి పలక, పలకకు బొక్క, బొక్కకు చెక్క బిరడ. నీళ్ళు ఇడవాలంటె ఈదుకుంట పోయి మునిగి బిరడ లేపాలె. ఎప్పుడు? యాసంగి నాట్లప్పుడు, పుష్యమాసం చలిల, తెల్లారకముందు. గుంజుడుకు కాలో చెయ్యో బొక్కల పడితె ఇగ బయటికి రాడు. మా తాత అన్న గట్లనే పోయిండు. రెండో నాడు దొరికిండట. మూడో నాడు మా తాత బిరడ లేపనీకి పోయిండు. నాట్లు ఆగవు కదా.

పెద్ద వాన కొడితె కట్ట మీదనే పండుడు. లాంతరు పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుడు. బుంగ పడ్డదంటె గడ్డి, ఈతమట్టలు, మట్టి కొట్టి మూసుడు, ఊర్లకు ఉరికి కేకేసుడు. ఏ మడి ఇసుక, ఏ మడి జిగురు, ఏ మడికి ఎంతసేపు కట్టాలె, ఎవని ఒడ్డు తెగితె ఎవని మడి మునుగుతది, అంత ఆయన నెత్తిల ఉండె. అచ్చరం ముక్క రాదు.

కూలి సంగతి. పంట నూరిసినంక కల్లం కాడికి పోతె మేర ఇయ్యాలె. కుంచాల లెక్క ఉంది, పేరుకు. రాశి లేపినంక అడుగున మట్టితోటి మిగిలినయి ఊడ్సుకోమనేది. మా నాయినమ్మ వాటిని ఇంటికి తెచ్చి చెరిగేది. చేటల సగం పెళ్ళలే. ఊరి చెరువుకు ప్రాణం పెట్టిన ఇంట్ల బువ్వల రాళ్ళు రాని రోజు లేకుండె.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంట. నీళ్ళు తక్కువ పడ్డ ఏడు ఆయన మాటకు ఎదురు లేదు. వంతు రాలేదంటె పటేల్ గూడ ఒడ్డు మీద నిలవడ్డడు. ఏడాదంత "ఒరే" అన్నోళ్ళు ఆ రెండు నెలలు పేరు పెట్టి పిలిచేటోళ్ళట. మా తాత ఇది చెప్పేటప్పుడు మీసం దువ్వేటోడు. నాకు మిగిలిన పది నెలలు యాదికొచ్చేది.

జనగామ దిక్కు అంటున్నవు కదన్నా. కడవెండి మీకు ఎంత దూరం? 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య పానం పోయింది ఆడనే. పాలకుర్తి ఐలమ్మ దొర మనుషులకు ఎదురు నిలవడి పంట ఇంటికి తెచ్చుకున్నది ఆ దిక్కే. ఊరంత గంత సక్కగ ఒక్క కట్టు మీద ఉంటె ఆ కొట్లాట ఎందుకొచ్చె?

కట్టమీదిమర్రి

తమ్మీ, నీ మాటకు ఎదురు చెప్పనీకి నాకు నోరు లేదు. కాని నేను వెట్టిని తిరిగి తెమ్మంటలేను. పైసలిచ్చే నీరడిని పెడదాం అంటున్న. పని మంచిదే కద, చేపిచ్చుకున్న తీరు చెడ్డది. తీరు మార్చి పని ఉంచుకోవద్దా?

ఎర్రనేల అన్నా, తూములు మూసుడు మా దగ్గర నడువది, మాకు వరి అలవాటైంది. కాని మీరు చెప్పింది మా వాళ్ళకు చదివి వినిపిస్త.

మూడుఫేజులు

మడి ఎక్కడనో చెప్పలే.

గట్టుమీదికోడలు

మగవాళ్ళందరూ తూము కాడనే ఉన్నరు. కొద్దిగ గట్టు మీదికి రండి.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు దిక్కు. 1996ల కోడలిగా వచ్చిన. అప్పటికే చెరువు ఎండిపోయి తుమ్మలు మొలిచినయి. ఊరంత బోరు నీళ్ళు తాగేది. ఫ్లోరైడు. మా అత్తమ్మ నడుము వంగి నేల చూసుకుంటనే నడిచేది, నలభై ఐదేండ్లకే. పండ్లు చూసి పిల్లనియ్యకపోయేది మా ఊరికి. చెరువు నీళ్ళు తాగిన కాలంల ఈ బాధ లేకుండె అని ముసలోళ్ళు చెప్పేది. కాబట్టి చెరువు గొప్పతనం నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. మిషన్ భగీరథ నల్లా వచ్చిననాడు మా అత్తమ్మ లేదు.

కాని ఆ ముసలోళ్ళనే ఇంకొకటి అడిగిన. మంచినీళ్ళ రేవు ఒకటేనా అని. కాదు. బట్టలుతికే బండలు వేరు, మాలమాదిగలు ముంచుకునే తావు వేరు, వాళ్ళు తాకితె మైల అని అరిచేది ఈ ఆడోళ్ళే. బతుకమ్మలు ఒక్క చెరువులనే వేసేది, వేసే కొస మాత్రం వేరు. మర్రి అన్న "అందరం కట్టమైసమ్మకు పోయేది" అన్నడు. పోయేటప్పుడు ఎవరు ముందు నడిచిండ్రు, ఎవరు ఎనక నడిచిండ్రు?

ఇంకొకటి. ఊరు విడిపోయింది, ఎవనికి వాడే అంటున్నరు. మా ఆడోళ్ళల్ల బదుళ్ళు ఇప్పటికీ ఉన్నయి. ఇయ్యాల నా మడిల పన్నెండు మంది నాటేస్తె, పన్నెండు రోజులు నేను వాళ్ళ మడులల్ల వెయ్యాలె. లెక్క ఎవరూ రాయరు, ఎవరూ తప్పరు. నాటు మిషన్లు వచ్చినంక తగ్గింది గాని పోలే. దీనికి నీరడి లేడు, పటేల్ లేడు. మీరు ఊరి కట్టుబాటు అంటె చెరువు కట్టనే చూస్తరు, ఇది కనపడదు.

1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా దుకాణం మూపిచ్చిండ్రు. అది చూసి ఊరూరా లేచిండ్రు. సారా బంద్ అయింది, 1995ల మద్యనిషేధమే వచ్చింది, అది నిలువలే అనుకోండి. వాళ్ళను ఒక్కటి చేసింది ఏ చెరువు? తాగి కొట్టే మొగోళ్ళు.

డెల్టాబోదె

గోదావరి వైపు వాణ్ణి. మాకు నీరడి లేడండి, కాలవలు చూసుకునే లస్కరు ఉండేవాడు, సర్కారు జీతం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు మా నీళ్ళు ఊరి పెద్దల చేతిలో లేవు, ఇంజినీర్ల చేతిలో ఉన్నాయి. అయినా శివారు భూములకి నీళ్ళందవు. దాళ్వాలో (రెండో పంటకి) నీళ్ళు తక్కువైతే వంతులవారీ పెడతారు, ఎగువోళ్ళు రాత్రిపూట బోదెకి (పంటకాలవకి) గండి కొడతారు, దిగువోళ్ళు టార్చిలైట్లు పట్టుకుని కాపలా కాస్తారు. కాబట్టి కట్టుబాటు పోయి కొట్లాట వచ్చిందనే సిద్ధాంతం మా దగ్గర పనిచెయ్యదు. పల్లం ఉన్నంతకాలం ఎగువోడు ఉంటాడు.

ఇది సరదాగా రాద్దామని మొదలుపెట్టాను. పైన ఆవిడ రేవుల సంగతి చదివాక చెయ్యి ఆగింది. మా కోస్తాలో చెరువూ కులమూ అనగానే గుర్తొచ్చేది కారంచేడు. 1985 జూలై 16. మాదిగపల్లె తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఇది మేము తాగే నీళ్ళు అని అడ్డుచెప్పారు, అక్కడ మొదలైంది. మర్నాడు దాడి, ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల వెళ్ళి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. "చెరువు అందరిదీ" అన్న మాట నేను అప్పట్నుంచీ తేలిగ్గా వాడలేదు. ఆటో కుర్రాడి నవ్వు గురించి మీ బొడ్రాయి దగ్గర ఎవరైనా మాట్లాడారా?

వలకంటి

మా చేపలోళ్ళ సొసైటీ మాట ఒకటి. మీరంత తూము కిందనే మాట్లాడుతున్నరు, చెరువు లోపల మేము కూడా ఉన్నం. చేపపిల్ల వదిలినంక మాకు ఎండాకాలం దాక నీళ్ళు నిలవాలె. రైతులేమో ఆఖరి తడికని తూము అడుగు దాక ఇడుస్తరు. మేము మత్తడికి జాలీ కడితె నీళ్ళు ఎక్కి శిఖం (చెరువు లోపలి నేల) పట్టినోళ్ళ పంట మునుగుతది, వాళ్ళు రాత్రి వచ్చి జాలీ కోస్తరు. శిఖంల అసలు వాళ్ళు ఎట్ల సాగు చేస్తున్నరు అని ఎవరూ అడగరు, ఎందుకంటె అడిగేటోడు కూడా శిఖంల గుంట పట్టినోడే. నీరడిని పెడితె ఆయన రైతు నీరడా, చెరువు నీరడా? 300 ల మా వాటా కూడా పెట్టుకోండి, మా అడుగు నీళ్ళు మాకు రాసియ్యండి.

పాతదస్త్రం

వలకంటి గారి ప్రశ్న ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా పదునుగా ఉందని నాకనిపించింది. "చెరువు నీరడా?" దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.

ఈ లోపు ఒక పాత కాగితం. పూర్వం ఊళ్ళు తమంతట తామే కలిసి చెరువు పూడిక తీసుకునేవి, తెల్లవాడు వచ్చి చెడగొట్టాడు అని ఒక మాట తరచు వింటాం. మద్రాసు వైపు దాన్ని కుడిమరామత్తు అనేవారు. కానీ 1858లోనే మద్రాసు ప్రభుత్వం దాని కోసం నిర్బంధ శ్రమ చట్టం తేవాల్సి వచ్చింది. గండి పడే ప్రమాదం ఉంటే జనాన్ని పట్టుకొచ్చి పని చేయించవచ్చు, ఆనవాయితీ పనికి రానివాడి దగ్గర సొమ్ము వసూలు చేయవచ్చు. అందరూ ఇష్టంగా పలుగూ పారా పట్టుకుని వచ్చేస్తుంటే చట్టం ఎందుకండీ? వచ్చేవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు రాలేదు, రాలేనివాళ్ళని లాక్కొచ్చారు. అప్పుడూ ఇంతే.

ఇంకా వెనక్కి వెళితే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది పనివాళ్ళు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని రాసి ఉంది. మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలు చెప్పారు, ఆరు దోషాలు చెప్పారు. ఆ దోషాల్లో ఒకటి కట్ట కారడం, ఒకటి చవిటి నేల. ఇంకొకటి చూడండి, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం. మరొకటి, నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం. కట్టే ముందే ఎవరి పేచీ ఎక్కడ వస్తుందో లెక్కవేశారు. నీటి దగ్గర మనుషులు మంచిగా ఉంటారని వాళ్ళు అనుకోలేదు.

ఇక నేను ఆ రోజు అన్నం ఎందుకు తిన్నానో. తాతగారు పోయాక దస్త్రాలు నా దగ్గరికి వచ్చాయి. ఆయన చేతిరాత ముత్యాలే. రైతుల పేర్లు తండ్రి పేరుతో, ఇంటిపేరుతో పూర్తిగా ఉంటాయి. నీరడికి చెల్లించిన గింజల పద్దులో ముప్పై ఏళ్ళ పొడుగునా "నీరటివాడు" అని తప్ప ఒక్క చోటా మనిషి పేరు లేదు. ముప్పై ఏళ్ళలో ఆ పని చేసింది ఒకడో ఇద్దరో ముగ్గురో కూడా నేను చెప్పలేను.

ఎర్రనేల

దస్త్రం సారూ, ఈ ఒక్క ముక్క ముందే చెప్పింటే ఇంత రాసేదే లేదు కదా.

నీటి సంఘాలు ఎవరూ ఎత్తలేదే? 1997లో చట్టం చేసినారు, ఎన్నికలు పెట్టినారు. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నోళ్ళకు. నాట్లేసేవాళ్ళకు లేదు, చేపలోళ్ళకు లేదు, కాలవలో దిగే నీరుగంటికి లేదు. మా తావ సంఘం అధ్యక్షుడు అంటే కాంట్రాక్టు పని చేయించేవాడు అని అర్థం వచ్చేసింది. 2002లో వాల్టా చట్టం వచ్చినాది, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాల అని. బోరు బండి రాత్రి పదకొండుకు వచ్చి తెల్లారేలోగా పోతాది, ఇంగ అనుమతి ఎవరు చూసేది?

తూముబిరడ

మర్రి అన్న అడిగిండు, తీరు మార్చి పని ఉంచుకోవద్దా అని. మంచి ప్రశ్ననే. నేను వారం రోజులు ఆలోచించిన.

పని ఉంచుకోండి. కాని పేరు మార్చండి. నీరడి అంటె మీకు పని యాదికొస్తది, మాకు ఇల్లు యాదికొస్తది. ఊర్ల ఏ ఇంటోడైన చెయ్యొచ్చు అని డప్పు సాటింపు వెయ్యండి, సాటింపు వేసేటోన్ని కూడా ఆ ఇంటి నుంచే పిలవకండి. జీతం నెలకు ఇంత అని కాయితం రాసి బ్యాంకుల వెయ్యండి. పంట పోయినా ఇయ్యాలె. కల్లం కాడికి పోయి అడుక్కునే పని పెట్టొద్దు. ఆయన దించిన షట్టర్ ఇంకొకడు తిప్పితె జుర్మానా ఎంతో ముందుగాలనే రాయండి, మొదటి మడోనికి కూడా అదే రాయండి. చేపలోళ్ళ అడుగు నీళ్ళు కూడా అందుల రాయండి.

ఇవన్నీ రాసినంక గూడ పెద్దమనుషుల కండ్లు ఆ ఒక్క ఇంటి దిక్కే పోతె, ఆ పిలగాడు మళ్ళ నవ్వుతడు. నేనైతె నవ్వకపోతుంటి.

ఒకటి మాత్రం నాకే బాధ. మా తాత నెత్తిల ఉన్న మడుల వరుస నేను నేర్చుకోలే. ఆ పని నాకొద్దు అనుకున్న, దాంతోటి ఆ తెలివి గూడ వద్దనుకున్న. ఆయన పోయినంక మా ఊరి చెరువు కింద నీళ్ళు ఎట్ల పారాలెనో తెలిసినోడు ఎవ్వడు లేడు.

మూడుఫేజులు

తూముబిరడ అన్నా, నీ పోస్టు మా నాయినకు చదివి వినిపిచ్చిన. నీరడికి కల్లు తాపిచ్చిన అని చెప్పుకునేటోడు గదా. "తాపిచ్చిన గాని పక్కన కూసోని తాగలే" అన్నడు. ఇంకేం అనలే.

ఎర్రనేల అన్న చెప్పింది గూడ ఒప్పుకుంటున్న. పోయిన రెండేండ్లు చెరువు నిండింది, నా బోరు పోసుడు ఆపలే. చెరువుతోటి నాకేం పని అనుకున్న, నీళ్ళు దానియే. మా ఊర్ల గిట్ల పైసలు ఏసుకుంటె బోరు రైతుల మీద గూడ వెయ్యాలె, ఆయకట్టు వాళ్ళ మీదనే ఎందుకు? నేను ఇస్త.

మర్రి అన్నా, మూడోసారి అడుగుతలేను.

కట్టమీదిమర్రి

నెల రోజులు ఈ దిక్కు రాలే. జరిగింది చెప్తా.

ఆటో పిలగాని ఇంటికి పోయిన, ఒక్కణ్ణే, పెద్దమనుషులను తీసుకపోలే. ఆ పనికి రాను అన్నడు, నేను కూడ రమ్మనలే. మీ తాత మడులను ఏ వరుసన పారిచ్చేటోడో తెలుసా అని అడిగిన. తెల్వదన్నడు. లోపలి నుంచి వాళ్ళ నాయినమ్మ అందుకున్నది. ఎనభై దాటినయి ఆమెకు. బువ్వ తీసుకొని రోజూ కట్ట కాడికి పోయేదట, ఏ పొద్దు ఏ మడి కాడ ఉంటడో తెలిస్తెనే కద బువ్వ ఇచ్చేది. వేళ్ళ మీద లెక్కవెట్టి చెప్పింది, 61 మడులు. మడుల పేర్లు సగం నేను వినలే, బాపనోళ్ళ గుండం, పుట్ట మడి, రెండు తాళ్ళ మడి. పిలగాడు ఫోన్ల రికార్డు చేసిండు, నేను రాసుకున్న. నీళ్ళు తక్కువున్న ఏడు కొస నుంచి మొదలువెట్టేటోడట ఆమె పెనిమిటి. మొదటి మడికి ఊట ఎట్లనన్న దిగుతది, కొస మడికి దిగదు గదా అన్నది.

ఊర్ల మళ్ళ కూసున్నం. తూముబిరడ తమ్ముడు చెప్పినయి ఒక్కొక్కటి చదివిన. పేరు "నీళ్ళ కావలి" అని పెట్టిండ్రు. 140 ఎకరాలకు 42,000 అయితయి, నాలుగు నెలలకు నెలకు 10,500. బోరు రైతుల వాటా మీద లొల్లి అయింది, తేలలే. సొసైటీ వాళ్ళ అడుగు నీళ్ళకు ఒప్పుకున్నరు, శిఖం మాట ఎత్తంగనే సగం మంది లేచి బీడీ తాగనీకి పోయిండ్రు. పనికి ఇప్పటిదాక ముగ్గురు పేర్లిచ్చిండ్రు. అందుల ఒకడు పటేల్ వాళ్ళ ఇంటి పిలగాడు, డిగ్రీ చదివి ఖాళీగ ఉన్నడు. వాని పేరు చదివినప్పుడు కొద్దిసేపు ఎవ్వరూ సప్పుడు చెయ్యలే.

మూడుఫేజులు తమ్మీ, నువ్వు అడుగుడు బంద్ చేసినంక ఇగ చెప్పక తప్పలేదు. పెద్ద తూముకు మొదటి మడి మాదే. రాత్రి షట్టర్ తిప్పేటోళ్ళల్ల మా బాపు ఒకడు. ఆ షట్టర్ చెయ్యి మా దొడ్లనే ఉన్నది, గడ్డివాము ఎనక. మొన్న ఆదివారం మడుల వరుస కాయితం ఆయన ముందట పెట్టిన. కండ్లద్దాలు పెట్టుకొని కింది నుంచి మీది దాక చదివిండు. మలిచి జేబుల పెట్టుకున్నడు, ఏమనలే.